కొత్త టవర్ అడిగే ముందు ఆటో డౌన్‌లోడ్ ఆపండి!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలారా!

పొద్దుగూకితే చాలు, నెట్ సతాయింపు మొదలు. కిరాణా కొట్లో స్కాన్ చేసినాయన ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక నలుగురు నిలబడి ఉంటారు. "ఇంకో టవర్ వెయ్యాలె" అంటాం. అసలు సిగ్నలే అందని ఊళ్లకు వెయ్యాల్సిందే. కానీ ఉన్న టవర్ మీద ఏం పోతున్నదో చూడండి.

5 ఎంబీల గుడ్ మార్నింగ్ వీడియో 200 మంది ఉన్న గ్రూపులో పడిందనుకోండి. అందరి ఫోన్లలో ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే 1 జీబీ దిగినట్టే. తెరిచి చూసేది ఎందరు? ఈ గుడ్ మార్నింగ్ బొమ్మల గోల ఎందాకా వచ్చిందంటే, 2018లో గూగుల్ తన ఫైల్స్ గో యాప్‌లో వీటిని ఏరి తీసేసే ఏర్పాటే పెట్టింది.

సినిమాలది ఇంకా పెద్ద లెక్క. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారమే గంటకు ఎస్‌డీలో 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా. అరచేతిలో తెరకు హెచ్‌డీ ఎందుకు?

టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ దాని సత్తాను పంచుకోవాల్సిందే. సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు ఇది ఒకరు చెప్పాలా? పైన తూములు ఇష్టమొచ్చినట్టు ఎత్తితే చివరి ఆయకట్టుకు నీళ్లు రావు.

కొత్త పరికరాల ఖర్చు చివరికి మన రీచార్జ్ మీదే పడుతుంది. 2024 జులైలో జియో 28 రోజుల 239 రూపాయల ప్లాన్ 299 అయింది. ఎయిర్‌టెల్, వీఐ కూడా పెంచాయి.

తప్పంతా మనదే కాదు. ఆటోప్లే పెట్టి ఇచ్చేది కంపెనీలే. 2020 మార్చి 24న, లాక్‌డౌన్ వేళ, నెట్‌ఫ్లిక్స్, గూగుల్, ఫేస్‌బుక్, హాట్‌స్టార్ వంటివి మొబైల్ నెట్ మీద వీడియోను ఏప్రిల్ 14 వరకు 480పీ దాటనివ్వమని ఒప్పుకున్నాయి. అప్పుడు కుదిరింది, రోజూ రాత్రి రద్దీ వేళ ఎందుకు కుదరదు? గట్టిగా అడుగుదాం.

మన వంతు పని ఇవాళే చేద్దాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి పోయి, మొబైల్ డేటా కింద ఫొటోలు, వీడియోల టిక్కులు తీసేయండి. యూట్యూబ్‌లో మొబైల్ నెట్‌కు డేటా సేవర్ పెట్టండి. ప్లే స్టోర్ అప్‌డేట్లు వైఫైకి వదిలేయండి. ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లు ఫోన్‌ను దానికే తగిలించండి. కాలేజీ పిల్లలూ, అమ్మానాన్నల ఫోన్లు సరిచేసే బాధ్యత మీది. సెట్టింగ్స్ అంటేనే వాళ్లకు విసుగు!

ఇదంతా చేశాక కూడా నెట్ నడవకపోతే, కొత్త టవర్ కోసం అందరం కలిసి కొట్లాడదాం రండి!

ఇట్లు
మూడు పట్టణాల సెల్‌ఫోన్ వినియోగదారులు