గడ్డం కింద సూది, చేతిలో క్రీముల సంచీ

గడ్డం కింద కొవ్వు కరిగే ఇంజెక్షన్ చేయించుకుని క్లినిక్ మెట్లు దిగేవాళ్ల చేతిలో చాలాసార్లు మందుల చీటీతో పాటు ఓ కాగితం సంచీ కూడా ఉంటోంది. సీరం, నైట్ క్రీము, మెడ చర్మం బిగుస్తుందనే ఇంకో క్రీము, ఖరీదైన ఫేస్ వాష్, సన్‌స్క్రీన్. అందులో మొదటి వారం నిజంగా పనికొచ్చేది సన్‌స్క్రీన్ ఒక్కటే. దానికి వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ ఒకటి తోడైతే చాలు. మిగతావి బీరువాలో పెట్టెయ్యడం మంచిదంటాను.

ఎందుకో తెలియాలంటే ఆ సూదిలో ఏముందో చూడాలి. సాధారణంగా వాడే మందు డీఆక్సీకోలిక్ యాసిడ్. మనం తిన్న నెయ్యినీ నూనెనీ విడగొట్టడానికి పేగుల్లో పనిచేసే పిత్త ఆమ్లాల్లో అదొకటి. మందుగా తయారుచేసిన దాన్ని గడ్డం కింద కొవ్వు పొరలోకి ఎక్కిస్తే అక్కడి కొవ్వు కణాల గోడలు పగిలిపోతాయి. పగిలినవాటిని శరీరం మెల్లగా తొలగించుకుంటుంది. ఆ క్రమంలో వచ్చేవే వాపు, నొప్పి, కమిలిన మచ్చలు, తిమ్మిరి. ‘కైబెల్లా’ పేరుతో దీన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2015లో అనుమతించింది, అదీ గడ్డం కింద కొవ్వుకి మాత్రమే. పొట్టకీ చేతులకీ కాదు. ఒక్కో సిట్టింగ్‌లో 50 దాకా సూదిపోట్లు పడొచ్చు. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ కనీసం నెల ఎడం ఉండాలి, మొత్తం ఆరు దాటకూడదు. పది రోజుల్లో ముహూర్తం పెట్టుకుని పరిగెత్తుకొచ్చే పెళ్లివారికి ఈ లెక్క ముందే చెప్పాలి. చెప్పకపోతే గడ్డం కింద వాపుతోనే పెళ్లి ఆల్బమ్ తయారవుతుంది.

జరిగేదంతా చర్మం అడుగున. పైన రాసిన సీరం అక్కడిదాకా దిగదు, కొవ్వు కరగడాన్ని తొందరపెట్టదు. కొవ్వు పోయాక వదులైన చర్మాన్ని మెడ క్రీము లాగి బిగించనూ లేదు. ఇక చర్మం సంగతి. అన్ని సూదిపోట్లు పడ్డ చోట రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్, ఘాటైన విటమిన్ సి సీరం రాస్తే మంట, ఎరుపు తప్పవు. వాపూ ఎరుపూ తగ్గేదాకా వాటి జోలికి పోకూడదు. మేకప్ కూడా కనీసం ఒక రోజు ఆగాలి.

మన చామనఛాయ చర్మానికి ఇంకో గుణం ఉంది. ఎక్కడ మంట రేగితే అక్కడ నల్లబడుతుంది. కమిలిన చోట యాసిడ్ సీరం రాశారనుకోండి, మంట తగ్గినా నల్లమచ్చ మిగులుతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. మచ్చ పోవాలని మందుల షాపుకెళ్తారు. ‘మచ్చలకేదైనా మంచి క్రీము ఇవ్వండన్నా’ అంటే, స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన ట్యూబు చేతికొస్తుంది. నాలుగు రోజుల్లో మొహం తెల్లగా మెరుస్తుంది. అదే దాని మాయ. నెలలు గడిచేసరికి చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, రక్తనాళాలు పైకి కనబడతాయి, మానేస్తే భగభగ మండుతుంది. చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి చేర్చింది. ఆ నిబంధన కౌంటరు దాకా వచ్చిందా అంటే, మీ వీధి చివర షాపులో మీరే అడిగి చూడండి.

క్రీముల వాళ్లనే అని లాభం లేదు, మన ఇళ్లూ తక్కువ తినలేదు. వాపు కనబడగానే అమ్మ కాపడం పెడతానంటుంది, అత్తయ్య జండూబామ్ తెస్తుంది, పెళ్లికూతురైతే నలుగు పెట్టి రుద్దనే రుద్దుతారు. కొన్నాళ్లు ఆగమనండి. ఇంజెక్షన్ తర్వాత ఆ భాగం వారాల తరబడి తిమ్మిరిగా ఉండొచ్చు, వేడి ఎంతో తెలియదు. కాపడం గుడ్డ కాల్చినా నొప్పి తెలియకుండానే బొబ్బ లేస్తుంది. కావాలంటే గుడ్డలో చుట్టిన ఐస్ కాసేపు పెట్టుకోండి, అదీ నేరుగా చర్మానికి తగలకుండా.

ఏ క్రీముకూ లొంగనివి కొన్నున్నాయి. నవ్వితే మూతి ఒక పక్కకు లాగడం, మింగడం కష్టం కావడం, చర్మం పాలిపోయి లేదా నల్లబడి పుండు పడడం. మొదటిది దవడ అంచు వెంట పోయే నరానికి మందు తగిలితే వస్తుంది. కైబెల్లా పరీక్షల్లో నాలుగు శాతం మందిలో కనిపించింది, తర్వాత అందరికీ తగ్గింది. అయినా చూడాల్సింది డాక్టరే, బ్యూటీపార్లర్ అక్క కాదు.

వాపు ఎలా తగ్గాలి, మచ్చకేం రాయాలి అని అడిగేవాళ్లలో ఎక్కించిన మందు పేరు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆ పేరెందుకు ముఖ్యమంటే, అనుమతి లేని కొవ్వు కరిగే ఇంజెక్షన్ల మీద 2023లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఆక్వాలిక్స్, లిపో ల్యాబ్ లాంటి పేర్లు అందులో ఉన్నాయి. శాశ్వత మచ్చలు, ఇన్ఫెక్షన్లు, చర్మం కింద నొప్పెట్టే గడ్డలు వచ్చినవారున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని సొంతంగా పొడుచుకున్నవాళ్లూ ఉన్నారు.

కాబట్టి సూది పడకముందే సీసాని చేతిలోకి తీసుకోండి. మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొడిచేది చర్మ వైద్యులో ప్లాస్టిక్ సర్జనో, కోర్సు చేసొచ్చిన సహాయకురాలో కనుక్కోండి. మొహమాటపడితే ఇక్కడ కుదరదు. రేపు ఏదైనా తేడా వచ్చి ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే, ఏం ఎక్కించారనే ఆయన మొదట అడిగేది. ‘ఏదో కొరియా మందన్నారండీ’ అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?