అచ్చులో ఉంటే వాటా లేనట్టేనా?

పేటెంట్ల మాట వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో, టీవీల్లో పసుపు కొమ్ము ఫొటో ఒకటి ప్రత్యక్షమవుతుంది. దాని కింద పాతికేళ్ళుగా అదే కథ: అమెరికా మన పసుపును ఎగరేసుకుపోబోతే మనవాళ్ళు అడ్డుపడి గెలిచారు. జీవ వైవిధ్య చట్టాన్ని 2023లో పార్లమెంటు సవరించినప్పుడు కూడా పసుపు, వేప కథలనే మళ్ళీ చెప్పి, సవరణ సంగతిని నాలుగు ముక్కల్లో ముగించిన వార్తలే ఎక్కువ. గెలిచిన కథ చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆ కేసులో తేలింది ఏమిటో, తేలనిది ఏమిటో చెప్పకపోవడమే తప్పు.

1995 మార్చిలో అమెరికా మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఇచ్చిన ఆ పేటెంటు పసుపు మొక్క మీద కాదు. గాయం మానడానికి పసుపును వాడే పద్ధతి మీద. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 1996లో దాన్ని పునఃపరిశీలించమని కోరింది. 1997లో అమెరికా పేటెంట్ కార్యాలయం ఆ హక్కులను తోసిపుచ్చింది. కారణం ఒక్కటే, అందులో కొత్తదనం లేదు.

కొత్తదనం లేదని రుజువు చేసిన తీరులోనే అసలు సంగతి ఉంది. అప్పటి అమెరికా చట్టంలోని 102వ సెక్షన్ ప్రకారం ఒక విషయం అమెరికాలో వాడుకలో ఉంటే అది పూర్వ పరిజ్ఞానం కింద లెక్క. అదే విషయం వేరే దేశంలో వాడుకలో ఉంటే మాత్రం లెక్కలోకి రాదు. అక్కడ అది అచ్చులో వచ్చి ఉండాలి, లేదా పేటెంటు పొంది ఉండాలి. అంటే కాలు తెగిన పిల్లాడికి గుప్పెడు పసుపు అద్దిన అమ్మమ్మలు కోటిమంది వెళ్ళి సాక్ష్యం చెప్పినా చెల్లదు. అందుకే సీఎస్ఐఆర్ సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాలను తవ్వి 32 ఆధారాలు పోగుచేసింది. వాటిలో 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసం ఒకటి. ఆ వివక్ష అమెరికా చట్టంలోంచి తొలగింది 2011 సవరణతో, అది అమలైంది 2013లో. పసుపు కేసు తర్వాత మన గ్రంథాల్లోని మందులను పేటెంట్ పరిశీలకులకు అర్థమయ్యే భాషల్లోకి మార్చి పెట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పుట్టింది కూడా ఈ అచ్చు అవసరంలోంచే.

యూరప్‌లో వేప కేసు వేరు. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి ఇచ్చిన పేటెంటును యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 2000 మే నెలలో రద్దు చేసింది, 2005లో అప్పీలును కొట్టేసింది. అక్కడ వాడుకకు కూడా విలువ ఉంది కనుక భారతీయ ఫ్యాక్టరీ నిర్వాహకుడొకరు వెళ్ళి ఇచ్చిన సాక్ష్యం పనికొచ్చింది.

ఈ రెండు కేసులూ ఒకే ప్రశ్నకు జవాబు: ఇది ఒకరి సొంతమా? కాదు అని తేలింది. సొంతం కాదంటే ఎవరైనా వాడుకోవచ్చు. మిసిసిపిలో కంపెనీ అయినా, ముంబైలో కంపెనీ అయినా. పసుపు పండించిన నిజామాబాద్, దుగ్గిరాల రైతుకు ఆ తీర్పు వల్ల చేతికొచ్చింది ఒక్క రూపాయి కూడా లేదు. దొంగను ఆపడం ఒక పని, పంటలో పాలు పంచడం ఇంకో పని. రెండోది పేటెంటు చట్టం చేయలేదు.

సూక్ష్మజీవుల దగ్గరకు వస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త, తన శిష్యుడు హడ్సన్ ఫ్రీజ్‌తో కలిసి అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు వేడినీటి బుగ్గల్లోంచి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి, నమూనాను సూక్ష్మజీవుల భాండాగారంలో అందరి కోసం ఉంచాడు. దాని ఎంజైమ్ మరిగే నీటికి దగ్గరి వేడిలోనూ చెడిపోదు. ఆ గుణం మీదే డీఎన్ఏను లక్షల రెట్లు పెంచే పీసీఆర్ పరీక్ష నిలబడింది. కోవిడ్ రోజుల్లో ముక్కులోంచి స్వాబ్ తీయించుకున్న ప్రతివారూ ఆ పరీక్ష పేరు విన్నవారే. 1991లో రోష్ కంపెనీ పీసీఆర్ హక్కులను 30 కోట్ల డాలర్లకు కొన్నది. పార్కుకు దక్కింది సున్నా. ఆ అనుభవంతోనే 1997లో పార్కు డైవర్సా కంపెనీతో ముందుగానే ఒప్పందం రాయించుకుంది: అయిదేళ్ళలో లక్ష డాలర్లు, ఉత్పత్తులు వస్తే రాయల్టీ.

ఇలాంటిదే ఇంకో కథ. 1949లో ఫిలిప్పీన్స్ దేశంలోని ఇలోయిలో నుంచి ఒక డాక్టరు అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీకి మట్టి నమూనాలు పంపాడు. అందులోని సూక్ష్మజీవి నుంచే ఎరిత్రోమైసిన్ వచ్చింది. మందుకు ఇలోటైసిన్ అని ఆ ఊరి పేరే పెట్టారు. రాయల్టీ మాత్రం ఆ డాక్టరుకు ముట్టలేదు. ఈనాడు గొంతునొప్పికి మన మెడికల్ షాపుల్లో దొరికే అజిత్రోమైసిన్ ఆ ఎరిత్రోమైసిన్‌ను మార్చి తయారు చేసిందే. మట్టికి అమ్మమ్మ సాక్ష్యం ఉండదు, బ్యాక్టీరియాకు శ్లోకం ఉండదు. అక్కడ ఏ గ్రంథాలయమూ కాపాడలేదు. వాటా చట్టం ఒక్కటే దిక్కు.

ఆ వాటా చట్టమే 2002 నాటి జీవ వైవిధ్య చట్టం. మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులూ దాని నిర్వచనంలో ఉన్నాయి. అది నేల మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉన్న అమరచింతకు వెళ్ళాలి. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా. హైదరాబాద్ కంపెనీ ఒకటి అక్కడి నుంచి రెండు టన్నుల ఎండు వేపాకు జపాన్‌కు ఎగుమతి చేసింది. చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ దాని మీద రాయల్టీ వసూలు చేసి, సుమారు 55 వేల రూపాయలు ఆ ఊరి జీవ వైవిధ్య కమిటీకి వేపమొక్కలు నాటడానికి పంపింది. చిన్న మొత్తమే. అయినా పసుపు కేసులో గెలిచినా రాని డబ్బు అది. వేపచెట్టున్న ఊరిని హక్కుదారుగా గుర్తించిన డబ్బు.

ఎగుమతికి సరే, మన దేశపు కంపెనీలూ ఇవ్వాలా? ఈ ప్రశ్నకు ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో దివ్య ఫార్మసీ అనే ఆయుర్వేద మందుల కంపెనీ కేసులో జవాబిచ్చింది. విదేశీయులకు 3వ సెక్షన్ కింద ముందస్తు అనుమతి కావాలి, మాకు 7వ సెక్షన్ కింద సమాచారం ఇస్తే చాలు, కనుక వాటా మాకు వర్తించదు అన్నది కంపెనీ వాదన. చట్టం పుట్టిందే స్థానిక ప్రజల కోసం కనుక స్వదేశీ, విదేశీ తేడా లేదని కోర్టు తేల్చింది. అప్పుడు అమల్లో ఉన్న 2014 మార్గదర్శకాల ప్రకారం అమ్మకాల మీద వాటా అత్యధికంగా అర శాతమే ఉండేది. వంద రూపాయల చ్యవనప్రాశ మీద అర్ధరూపాయి అన్నమాట.

2023 సవరణ ఈ నేపథ్యంలో వచ్చింది. అందులో మంచి లేదనడం అన్యాయం. సహజంగా దొరికే జీవరసాయనాలను కూడా నిర్వచనంలోకి స్పష్టంగా తెచ్చారు. దాంతో ఎంజైమ్ చట్టం పరిధిలోకి వస్తుందా రాదా అన్న సందేహం తీరింది. చిన్న ఉల్లంఘనకూ జైలు అన్న భయం పోయింది, దాని స్థానంలో జరిమానాలు వచ్చాయి. పల్లెవైద్యుడిని, పంట పండించే రైతునూ వదిలేయడం కూడా సబబే.

చిక్కు ఒక్క మాట దగ్గర ఉంది. 7వ సెక్షన్ నుంచి ‘గ్రంథస్థ సంప్రదాయ జ్ఞానాన్ని’ మినహాయించారు. గ్రంథస్థం అంటే 1940 నాటి ఔషధాల చట్టం మొదటి షెడ్యూలులో పేర్లున్న పుస్తకాల్లో ఉన్నది. ఆ జాబితాలో చరక సంహిత, సుశ్రుత సంహితలతో పాటు మన కొట్టూరు బసవరాజు రాసిన బసవరాజీయం కూడా ఉంది. ఆ పుస్తకాల్లోని యోగాలను తయారు చేసే ఏ కంపెనీ అయినా ఇక వాటా ఇవ్వనక్కర్లేదన్న అర్థం దీనికి కంపెనీలు చెబుతున్నాయి. అమెరికాలో మన పసుపును కాపాడిన అచ్చు, ఇక్కడ అడవి బిడ్డ వాటాను మింగేయడానికి సాకవుతోంది.

ఈ అర్థం చట్టం మాటలకే నిలవదు. మినహాయించింది జ్ఞానాన్ని, వనరును కాదు. త్రిఫల ఎలా కలపాలో పుస్తకం చెబుతుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మాత్రం పుస్తకంలో కాయవు. అడవిలో చెట్టెక్కి కోసి, ఎండబెట్టి, గంపకెత్తి ఏజెన్సీ సంతకు మోసుకొచ్చేది ఆదివాసీ. ఇంకో ఆధారం ఆ మినహాయింపు వాక్యంలోనే ఉంది. సాగు చేసిన ఔషధ మొక్కలకు పార్లమెంటు విడిగా మినహాయింపు ఇచ్చింది. పుస్తకంలో ఉంటే చాలు అన్నీ బయటపడతాయనుకుంటే, సాగు మొక్కలను మళ్ళీ ప్రత్యేకంగా చెప్పడం దేనికి? అడవిలో సేకరించినవి చట్టం లోపలే ఉండాలన్నదే దాని భావం. చట్టంలో ఏ మాటనూ వృథా మాటగా చదవకూడదన్నది న్యాయసూత్రం.

గ్రంథాల్లోకి ఎక్కని జ్ఞానానికి వాటా ఇచ్చి చూపిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1987లో కేరళ అగస్త్యమలలో కాణి తెగ యువకులు శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాని నుంచి తయారైన ‘జీవని’ మందు లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణిల ట్రస్టుకు ఇచ్చారు. అప్పటికి జీవ వైవిధ్య చట్టమే లేదు. చట్టం లేని రోజుల్లో సాధ్యమైంది, చట్టం ఉన్నాక కుదరదంటే ఒప్పుకోలేం.

కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జీవ వైవిధ్య మండళ్ళు కంపెనీలు చెప్పే అర్థాన్ని తలవంచి ఒప్పుకోనక్కర్లేదు. అడవి నుంచి సేకరించిన సరుకుతో తయారైన మందు ఏ పుస్తకంలో ఉన్నా వాటా ఇవ్వాల్సిందేనని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఎవరైనా కాదంటే హైకోర్టులోనే తేల్చుకోవాలి. పార్లమెంటు కూడా ఆ ఒక్క మాటను సవరించి, మినహాయింపు పొట్టపోసుకునే వైద్యుడికే గానీ కోట్ల వ్యాపారానికి కాదని స్పష్టం చేయాలి. పత్రికలు పసుపు కొమ్ము ఫొటో పక్కన పెట్టి, తమ జిల్లాలో జీవ వైవిధ్య కమిటీలు ఎన్ని పనిచేస్తున్నాయో, వాటి ఖాతాల్లో ఈ ఏడాది ఎంత జమైందో అడిగి అచ్చేయాలి.