క్రీడా వీక్షణం: సాహసానికి వెల ఎంత?

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాడియా కొమనేచి సాధించిన పదికి పది మార్కులు పాఠకులకు సుపరిచితమే. 2006లో ఆ పద్ధతి మారింది. విన్యాసపు క్లిష్టతకు ఒక విలువ, ప్రదర్శనా నైపుణ్యానికి పదికి కొన్ని మార్కులు. ఈ రెండింటి మొత్తమే నేటి స్కోరు. క్లిష్టతకు పైహద్దు లేదు.

2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో త్రిపుర క్రీడాకారిణి దీపా కర్మాకర్ 'ప్రొడునోవా'ను ప్రదర్శించారు. బల్లపై చేతులానించి పైకెగిరి, గాలిలో ముందుకు రెండు పల్టీలు కొట్టి, కాళ్లపై దిగవలసిన విన్యాసమిది. పల్టీ ఏమాత్రం తగ్గినా మెడకే ముప్పు. దీని క్లిష్టతకు 7.0, నైపుణ్యానికి 8.266 లభించాయి. రెండు వాల్టుల సగటు 15.066. కేవలం 0.150 తేడాతో కాంస్యం చేజారి, నాలుగవ స్థానం దక్కింది.

2017లో ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అదే సంవత్సరం అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనావళి ప్రొడునోవా విలువను 6.4కు తగ్గించింది. వసతులు కొరవడిన దేశాల బాలికలకు ఫైనల్ చేరే దారి ఇరుకైనదన్న వాదనలో నిజం లేకపోలేదు. అయినా, ప్రమాదానికి పారితోషికం పెంచితే ప్రమాదమే పెరుగుతుంది. ఉత్పత్తి లక్ష్యాల వెంట భద్రతా నియమాలను కూడా పాటించే మనకు ఈ సత్యం కొత్త కాదు.