పరిశోధన నాలుగో ఏటి దాకా ఆగవలెనా?

బాగలూరులో ప్లస్‌టూ ముగించిన విద్యార్థి హోసూరు, కృష్ణగిరి కళాశాలలలో చేరవచ్చును, బెంగళూరుకు పోవచ్చును, 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయం కోసం కుప్పమూ చేరవచ్చును. ఈ మూడు దారులలో ఉన్నత విద్యా విధానాలు మాత్రం ఒక్కటి కావు. తమిళనాడు 2025 ఆగస్టులో పాఠశాల విద్యకు సొంత విధానాన్ని ప్రకటించింది. కర్ణాటక 2024లో నాలుగేళ్ల డిగ్రీని విడిచి మూడేళ్ల డిగ్రీకి మళ్లింది. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళిక, తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు పొందినవారికే నాలుగో ఏట పరిశోధనకు అవకాశమిచ్చింది.

మరి మొదటి ఏటి విద్యార్థి మాటేమిటి? అమెరికాలో బోయర్ కమిషన్ 1998లోనే, తొలి సంవత్సరం నుండే చదువు అన్వేషణగా సాగవలెనని సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2020-21లో తెచ్చిన డిగ్రీ ప్రణాళికలో, మొదటి ఏడాది ముగియగానే 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. ఆలోచన మెచ్చదగినదే. అయితే ప్రశ్న విద్యార్థిది కానప్పుడు అది ఫారాలు నింపే పనిగా దిగజారుతుంది.

కథారచన, నాటకం, విజువల్ కమ్యూనికేషన్ వంటి కోర్సులకు ఈ హెచ్చరిక మరింతగా వర్తిస్తుంది. వినని మాటను, చూడని బతుకును ఎవరూ సృష్టించలేరు.

సరిహద్దు తెలుగువారికి ఇందులో మరొక మేలున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం దశలవారీగా అమలై 2015-16కు పదో తరగతిని చేరింది. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తెలుగు చదవని తరం ఇప్పుడు కళాశాలలలో ఉన్నది. వారిలో ఎందరికో అక్షరం రాదు, చెవి మాత్రం ఉన్నది. అవ్వ పాడే పెండ్లిపాటను ఆమె అనుమతితో రికార్డు చేయించవలెను. పక్క ఊరి పాఠంతో పోల్చి, తేడా ఎందుకు వచ్చిందో అడిగించవలెను. ఆ పిమ్మట దానినుండి ఒక రంగస్థల దృశ్యం రాయించవలెను. మార్కులు జవాబుకే కాక, ప్రశ్నకూ పడవలెను. అక్షరం నేర్చుకొనవలసిన అవసరం అప్పుడు విద్యార్థికే తెలిసివస్తుంది.

ఇందుకు నాలుగో ఏడు అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. అధ్యాపకుడు నోట్సు చెప్పించే గంటలలో కొన్నింటిని ఊరికి విడిచిపెడితే చాలును. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము సుమారు 4,200 ఏళ్ల నాటిదని 2022లో ప్రకటించారు. భూమిలోని ఇనుము అన్నేళ్లు ఆగింది. అవ్వల నోటి పాట అంతకాలం ఆగదు.