ఉత్తరం అందుకున్న ఇల్లాలు

మన కథల్లో ఒక ఉత్తరం పదేపదే ఎదురవుతుంది. దూరదేశం పోయిన భర్త తన తప్పులన్నీ, అప్పూ, తాగుడూ, మరొక స్త్రీ సంగతీ, భార్యకు ఏకరువు పెట్టి, ఆపైన నీ దయ అంటాడు. కథ అక్కడ ఆగిపోతుంది. ఆమె ఏమన్నదో మనకు తెలియదు. అదే శిల్పమంటారు కొందరు విమర్శకులు. ఆ మౌనంలో అనంతమైన అర్థం ఉన్నదట!

నాకు కనిపించేది కథకుడి పక్షపాతం. ముద్దాయికి పది పేజీల వాఙ్మూలం, ఫిర్యాదికి నోరే లేదు. మనం చదివేది అతని కన్నీరే కనుక ఆమె తరఫున మనమే క్షమించి లేచిపోతాము. ఆమెను అడిగినదెవరు?

మౌనమే తప్పని నేననను. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి 'శారద లేఖలు'లో కల్పలత మౌనం వల్ల నష్టమేమీ లేదు. శారద అక్కడ నేరం ఒప్పుకోవడం లేదు, సంఘాన్ని నిలదీస్తున్నది. 1922లో స్టెఫాన్ జ్వైగ్ రాసిన అజ్ఞాత స్త్రీ లేఖలో ఉత్తరం అందుకున్న రచయితకు ఆమె ముఖమైనా గుర్తు రాదు. బల్లమీది పూలపాత్ర మాత్రం ఖాళీగా ఉన్నది. అతని మౌనం అతని మీదనే తీర్పు. మన గురజాడ 1910లోనే 'దిద్దుబాటు'లో ఇంకా సూటిగా పోయినాడు. భార్య లేదనుకొని గోపాలరావు పశ్చాత్తాపపడుతుంటే మంచం కింద నుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. విన్న మనిషి ఉన్నదని పాఠకుడికి తెలిసిపోతుంది.

ఏకాంతంలో ఉత్తరం చదువుకొని కిటికీలోంచి చూసే ఆ ఇల్లాలు కడప, కర్నూలు పల్లెలకు మరీ అతకదు. 2011 జనగణనలో కూడా కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాలు వచ్చినవారు దాదాపు సగమే. కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోయేవాళ్లకు ఉత్తరమనేదే అపురూపం. రాయచోటి, రాజంపేట వైపు కువైటు నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఇళ్లలో పనికి ఆడవాళ్లు పోయినప్పుడు వాటిని అందుకున్నది మగవాళ్లు, అత్తలు, పిల్లలు. మన కథకులకు ఈ సంగతి ఎందుకు తట్టదో! ఇప్పుడు ఫోను వచ్చింది, మాటకు మాట అక్కడికక్కడే దొరుకుతుంది. కానీ ఆ ఉత్తరాల కాలాన్ని రాసేవాడు ఒకటి మరువరాదు. చదవలేని ఇల్లాలికి ఆ ఉత్తరం మరొకరి గొంతులోనే అందింది. పోస్టుమానో, బడికిపోయే పిల్లవాడో చదివి వినిపించాలి. వాకిట్లో ఇరుగుపొరుగు ఉంటారు. భర్త రహస్యం ఆమెకంటే ముందు పిల్లవాడికి తెలుస్తుంది.

ఆ మరొక స్త్రీ పేరున్న పంక్తి దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడి గొంతు తగ్గుతుంది. చదవాలా, దాటెయ్యాలా? దాటేస్తాడు. ఆమె వాడి ముఖం చూస్తుంది. "ఇంగేం రాసినాడు నాయనా?" అంటుంది.

మన కథకుడు కథను అంతకు ముందే ముగించేస్తున్నాడు.