సెలవు చెప్పే అక్షరం

పిల్లలూ! మన మోత్కూర్‌లో చేతిపంపు దగ్గర ఒకరి బిందె నిండితేనే మరొకరి వంతు వస్తుంది కదా! 1978లో అమెరికాలోని చికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ ప్రారంభించిన కంప్యూటర్ బులెటిన్ బోర్డు కూడా అటువంటిదే. ఉన్నది ఒక్క టెలిఫోన్ లైను; ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. కంప్యూటర్ సంకేతాలను మోడెమ్ ధ్వనులుగా మార్చి ఫోను తీగ గుండా పంపేది.

ఇటువంటి బోర్డులలో తెర మీద ఆజ్ఞల పట్టిక కనిపించేది. ఒక అక్షరం నొక్కితే ఉత్తరాలు చదవవచ్చు, మరొకటి నొక్కితే రాయవచ్చు. చాలా బోర్డులలో ‘జి’ అంటే గుడ్‌బై, అనగా సెలవు. అది నొక్కగానే లైను ఖాళీ అయి, వేచి ఉన్నవారికి దొరికేది.

నా దృష్టిలో ముందుగా నేర్వవలసిన ఆజ్ఞ అదే. బడిలో ఒకే కంప్యూటర్ ముందు పదిమంది నిలబడినప్పుడు మీరూ దాన్ని గుర్తుంచుకోండి. పని ముగియగానే లాగౌట్ చేసి లేవండి. వెనుకనున్నవాడూ నేర్చుకోవాలి కదా!