దొంగదెబ్బకి పాచికల పంచాయితీ ఎందుకు?

2024లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో చాలా మార్పులు బాగున్నాయి, కాదనను. కానీ మాటు వేసి కొట్టే రూలుని మాత్రం నిలువునా పాతరేశారు. "సింపుల్ చేశారు కదా, ఇంకేం కావాలి?" అనేవాళ్ళ కోసమే నా ఈ గోల.

ఆట తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. కొట్లాట మొదలవగానే అందరూ 20 ముఖాల పాచిక వేస్తారు. ఎక్కువ పడినవాడి వంతు ముందు. దీన్నే ఇనిషియేటివ్ అంటారు. 2014 పుస్తకం ప్రకారం ఏమరుపాటున దొరికినవాడు తన మొదటి వంతులో కదలకూడదు, కొట్టకూడదు. 2024లో అది తీసేసి, వాడు ఇనిషియేటివ్‌కి రెండు పాచికలేసి తక్కువ పడ్డది తీసుకోవాలన్నారు. అంతే!

మనం లెక్క చూస్తే గానీ నమ్మని జాతి కాబట్టి లెక్కే చూద్దాం. ఇద్దరి బోనసూ సమానం అనుకోండి. మీరు ఒక పాచికే వేస్తే, వాడు మీకంటే ముందుండే అవకాశం దాదాపు 31 శాతం. మీరు నక్కి ఉంటే మీకూ రెండు పాచికలు, అందులో ఎక్కువది మీది. సరే, అప్పుడూ 15 శాతం. అంటే చెట్టెక్కి గంటసేపు చడీచప్పుడు లేకుండా కూర్చుని బాణం ఎక్కుపెడితే, ఏడుసార్లలో ఒకసారి కింద ఆవులిస్తున్న కాపలావాడు మీ బాణం కంటే ముందే కత్తి దూస్తాడు. ఎందుకు దూశాడో వాడికే తెలీదు!

పోనీ మీరే ముందొచ్చారు. దక్కేదేమిటి? వరసలో ముందు నిలబడ్డం. మీ దెబ్బకి చావకపోతే వాడు అదే రౌండులో లేచి శుభ్రంగా తిరిగి కొడతాడు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో జొరబడితే ధృష్టద్యుమ్నుడికి ఆయుధం అందుకునే సందు కూడా దొరకలేదు. (అది ధర్మమా కాదా అన్నది వేరే చర్చ.) మాటు అంటే అదీ.

ఒప్పుకుంటాను, 2014 రూలు మరీ మోటు. అదే దెబ్బ ఆటగాళ్ళ మీద పడితే ఒక వంతంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఆ లోపు ఒకరిద్దరు పోతారు కూడా. కానీ బగ్ ఉందని ఫీచరే పీకేసి టికెట్ క్లోజ్ చేస్తారా? పనిచేసే కోడ్ పాత రిపాజిటరీలోనే ఉంది కదా! 2003 నాటి 3.5 ఎడిషన్‌లో సర్‌ప్రైజ్ రౌండ్ అని ఉండేది. మాటు వేసినవాళ్ళకి ఒకే ఒక్క యాక్షన్. కొట్టు, లేదా కదులు. ఆ తర్వాత మామూలు వరస. 2008 నాటి నాలుగో ఎడిషన్ కూడా దాదాపు అదే ఉంచింది.

అసలు నష్టం ప్లాన్ వేసేవాళ్ళకి. ముందే వెళ్ళి దారి చూసొచ్చి, మ్యాప్ గీసుకుని, కాపలా మారే వేళ కనిపెట్టి, చివరికి పాచిక ముందు దణ్ణం పెట్టుకోవాలంటే, వచ్చేవారం అందరూ తలుపు తన్నుకునే లోపలికి పోతారు. పోక?

అందాకా మా బల్ల దగ్గర 3.5 రూలే. అభ్యంతరం ఉన్న రూల్స్ లాయర్లు ముందు పాచిక వెయ్యండి.. రెండు వేసి తక్కువదే తీసుకోవాలి సుమా :)